ఆవుపాలు ఎవరికి మంచివి? ఎంత మంచివి?

చంటిబిడ్డ ఏడుపు ఆపకపోయినా, తల్లికి పాలు చాలడం లేదన్న అనుమానం వచ్చినా ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అనేది ఒకటే మాట: "ఆవుపాలు పట్టండమ్మా, తల్లిపాల తర్వాత అంతటివి అవే." పాల గురించి మన మధ్య తిరిగే అపోహల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం. ఏ2 పాల మీద, పాలవల్ల క్యాన్సర్ వస్తుందన్న భయం మీద ఫోన్లలో ఎంత చర్చ జరిగినా, వాటివల్ల జరిగే నష్టం దీని ముందు చిన్నది. అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

ఆవుపాలు దూడ కోసం తయారైనవి. పుట్టిన రెండు నెలల లోపే దూడ బరువు రెట్టింపవుతుంది. మనిషి బిడ్డకు అందుకు దాదాపు 5 నెలలు పడుతుంది. పాలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో ప్రోటీను సుమారు ఒక గ్రాము ఉంటే, అన్నే ఆవుపాలలో 3 గ్రాములు దాటి ఉంటుంది. సోడియం, పొటాషియం లాంటి లవణాలూ అంతే, చాలా ఎక్కువ. ఇంకా ఎదగని మూత్రపిండాలకు అదంతా భారం. ఆ భారం తగ్గించాలని చాలా ఇళ్లలో పాలలో నీళ్లు కలుపుతారు. దాంతో బిడ్డకు అందాల్సిన శక్తి కూడా పలచబడిపోతుంది. నీళ్లో, పాలసీసానో శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇనుము సంగతి మరీ ముఖ్యం. ఆవుపాలలో ఇనుము చాలా తక్కువ. తల్లిపాలలోనూ ఎక్కువ ఉండదు, అయితే ఉన్నదాన్ని బిడ్డ పేగు చక్కగా పీల్చుకుంటుంది. ఆవుపాలలోని కాస్త ఇనుమూ అలా ఒంటబట్టదు. పైగా కొందరు పసివాళ్లకు ఆవుపాలవల్ల పేగుల్లోంచి కంటికి కనిపించనంతగా రక్తం పోతుంది కూడా. అందుకే 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దంటారు పిల్లల వైద్యులు. ఆ తర్వాత తల్లిపాలు కొనసాగిస్తూనే ఉగ్గు, మెత్తటి పప్పన్నం, గుడ్డు, మెదిపిన కూరలు మొదలుపెట్టాలి. తల్లిపాలు నిజంగా చాలకపోతే, ఏం పట్టాలో డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలు ప్రధాన ఆహారం కాకూడదు.

"అన్నం తినకపోయినా పాలు తాగుతున్నాడు, అది చాలు"

ఈ మాట వినిపించని వీధి ఉండదు. ఏడాది దాటిన పిల్లలకు పాలు మంచి ఆహారమే. ప్రోటీను, కాల్షియం, బి12, రైబోఫ్లేవిన్ అన్నీ ఒక్క గ్లాసులో దొరుకుతాయి. చిక్కంతా మోతాదుతోనే. రోజుకు అర లీటరు దాటి పాలు తాగే రెండేళ్ల బిడ్డకు ఇక ఆకలి వేయదు. పప్పు, ఆకుకూర, గుడ్డు నోట పెట్టడు. ఇనుము అందించేవన్నీ అలా కంచంలోనే మిగిలిపోతాయి. తిన్న కాస్తలోని ఇనుమును కూడా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీను పేగులోకి సరిగా చేరనివ్వవు. బిడ్డ బొద్దుగానే కనిపిస్తాడు, లోపల మాత్రం రక్తం తగ్గిపోతూ ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, నెపమంతా పాలమీద వేయడం అన్యాయం. కానీ తల్లిదండ్రుల చేతిలో ఉన్న కారణాల్లో ఇదొకటి. పాలసీసాతోనే కాలం గడిపే పిల్లలుంటే ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పాలు తగ్గించి అన్నం ముద్ద అలవాటు చేయండి.

గర్భిణుల విషయంలోనూ ఇనుముతోనే పొరపాటు జరుగుతోంది. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రను చాలామంది పాలతో మింగుతారు, బలం మీద బలం అని. పాలతో కలిస్తే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. మాత్రను నీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుని, పాలు మరో పూట తాగాలి. కాల్షియం మాత్ర కూడా దానితోపాటు వేసుకోకూడదు. ఇక కుంకుమపువ్వు కలిపిన పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్న నమ్మకానికి ఏ ఆధారమూ లేదు. బిడ్డ రంగును నిర్ణయించేవి తల్లిదండ్రుల జన్యువులు. ఆ కుంకుమపువ్వు డబ్బుతో నెల రోజులు గుడ్లు కొనుక్కోవచ్చు.

"పాలు పడకపోవడం ఒక జబ్బు"

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ పసితనంలో అందరికీ పుష్కలంగా ఉంటుంది. పెరిగే కొద్దీ ప్రపంచంలో ఎక్కువమందికి అది తగ్గిపోతుంది. కొన్ని వేల ఏళ్ల కిందట పశువులను పెంచిన కొన్ని జాతుల్లో వచ్చిన జన్యుమార్పు వల్ల కొందరికి మాత్రం పెద్దయినా నిలిచి ఉంటుంది. మన దేశంలో ఆ మార్పు వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకి వచ్చేకొద్దీ తక్కువ. 1981లో వెలువడిన ఒక అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవారిలో సుమారు 27 శాతం మందికి లాక్టోజ్ పడలేదు. తిరువనంతపురం, పుదుచ్చేరిల్లో అది 66 శాతం దాటింది. అంటే గ్లాసెడు పాలు తాగగానే పొట్ట ఉబ్బి గడబిడ చేస్తే అది రోగం కాదు. దక్షిణాదిన సగం మందికి పైగా ఒంటి తీరే అది. పంజాబు పహిల్వాను పాలు తాగే తీరు మనకు కొలమానం కానక్కరలేదు.

అలాగని వీళ్లంతా పాలను పూర్తిగా మానేయాలనడం కూడా అపోహే. లాక్టోజ్ అరగనివారిలో చాలామంది ఒక కప్పు పాలను, ముఖ్యంగా అన్నంతోనో టిఫిన్‌తోనో తీసుకుంటే, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. పెరుగైతే ఇంకా సుఖం. తోడుపెట్టినప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్‌ను కూడా తనే వెంట తెస్తుంది. మన భోజనం పెరుగుతోనో మజ్జిగతోనో ముగియడంలో ఎంతో తెలివి ఉందని నాకు అనిపిస్తుంది.

పాల అలర్జీ వేరు. అది లాక్టోజ్‌కు కాదు, పాలలోని ప్రోటీనుకు ఒళ్లు ఎదురుతిరగడం. దద్దుర్లు, వాంతులు, ఆయాసం రావచ్చు. ఎక్కువగా పసిపిల్లల్లో కనిపిస్తుంది. వాళ్లకు పెరుగూ పనికిరాదు, గేదెపాలూ పనికిరావు. డాక్టరును కలవాల్సిందే.

"పాలు తాగకపోతే ఎముకలు విరుగుతాయి", "పాలు తాగితేనే గుల్లబారతాయి"

ఈ రెండు మాటలూ సరైనవి కావు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది. అంతకుముందు 600 అనేవారు. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఆవుపాలలో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులో మూడో వంతు దాకా ఒంటికి పడుతుంది. ఇంత సులువుగా కాల్షియం ఇచ్చే ఆహారాలు తక్కువే. అయితే పాలు ఒక్కటే దారి కాదు. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంటుంది. తోటకూర, మునగాకుల్లో 300 పైనే. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. పాలకూరలోనూ ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచేస్తాయి.

రెండో మాటకు ఊపిరి పోసింది 2014లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పెద్ద అధ్యయనం. లక్షకు పైగా స్త్రీ పురుషులను ఏళ్ల తరబడి గమనించి, రోజుకు మూడు గ్లాసులు, అంతకన్నా ఎక్కువ పాలు తాగే స్త్రీలలో ఎముకలు విరగడం, మరణాలు ఎక్కువగా ఉన్నాయని అందులో రాశారు. వార్తల్లో కనిపించని విషయం ఏమిటంటే, దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలని, దీన్నిబట్టి ఆహార సలహాలు ఇవ్వొద్దని రాసినవాళ్లే హెచ్చరించారు. అలవాట్లను గమనించే ఇలాంటి అధ్యయనం, పాలవల్లే అలా జరిగిందని తేల్చలేదు. పాలలోని ప్రోటీను ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగేస్తుందన్న వాదన కూడా పరీక్షలకు నిలబడలేదు. ఆ అధ్యయనం నుంచి మనం తీసుకోదగ్గది ఒకటుంది: ఎక్కువ పాలు తాగితే ఎముకలు ఎక్కువ గట్టిపడతాయన్న లెక్క ఎక్కడా రుజువు కాలేదు. నడక, బరువులెత్తే పని, ఎండ, వీటి పాత్ర పాలకన్నా తక్కువేం కాదు. మామూలు పాలలో విటమిన్ డి అంతంతమాత్రమే. కలిపిన ప్యాకెట్ల మీద '+ఎఫ్' గుర్తు ఉంటుంది, చూసి కొనుక్కోండి.

"ఏ2 పాలు తాగితే రోగాలు రావు"

పాలలోని బీటా కేసిన్ అనే ప్రోటీనులో 67వ స్థానంలో ఉండే ఒక్క అమైనో ఆమ్లం తేడాతో ఏ1, ఏ2 అని రెండు రకాలయ్యాయి. ఏ1 అరిగేటప్పుడు బీసీఎం-7 అనే ముక్క ఎక్కువగా విడుదలవుతుంది. మధుమేహం, గుండెజబ్బులు దానివల్లేనన్న ప్రచారం అక్కడినుంచి పుట్టింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో ఉన్న ఆధారాలన్నీ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. ఏ2 పాలతో పొట్ట తేలిగ్గా ఉందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. రెండిట్లోనూ లాక్టోజ్ మాత్రం ఒకటే.

ఇక్కడ తెలుగువాళ్లు గమనించాల్సిన సంగతి ఉంది. ఒంగోలు, పుంగనూరు లాంటి మన ఆవులు ఇచ్చేవి దాదాపుగా ఏ2 పాలే. గేదెపాలూ ఏ2 రకమే. అంటే తరతరాలుగా మన ఇళ్లలో కాచినవి చాలావరకు అవే. ఇప్పుడు అదే పేరు అచ్చువేసి మామూలు పాలకు రెండింతలు, అంతకన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. 2024 ఆగస్టు 21న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దని ఆదేశించి, సంప్రదింపులు జరపాలంటూ ఐదు రోజులకే వెనక్కు తీసుకుంది. దేశవాళీ ఆవు ఎండను తట్టుకుంటుంది, మన మేతకు అలవాటుపడింది, ఆ జాతులను కాపాడుకోవాలి. అందుకోసం ఎక్కువ ధర పెడతామంటే సంతోషమే. మందు అనుకుని మాత్రం కొనకండి.

"పాలన్నీ యూరియా, సబ్బునీళ్లే"

కల్తీపాలవల్ల 2025కల్లా భారతీయుల్లో 87 శాతం మందికి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు ఒక సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరిగింది. ఆ సంస్థ అలాంటి హెచ్చరికేదీ చేయలేదని ప్రభుత్వమే ప్రకటించింది. 2018లో దేశవ్యాప్తంగా జరిగిన పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే యూరియా, డిటర్జెంట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి కలిసిన నమూనాలు 12 తేలాయి. అందులో 9 తెలంగాణవి కావడం మనం సిగ్గుపడాల్సిన విషయం. కానీ అసలు ఆందోళన మరోచోట ఉంది. 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి మించింది. ఇది ఎవరో కలిపింది కాదు. బూజుపట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న దాణాగా తిన్న పశువు పాలలోకి దిగే విషం. కాచినా పోదు. అది ఎక్కువకాలం ఒంట్లో చేరితే కాలేయానికి ముప్పు. పొడి దాణా, దాన్ని నిలవచేసే చోటు, ఎప్పటికప్పుడు పరీక్షలు, డెయిరీలను మనం అడగాల్సినవి ఇవి.

పాలకూ క్యాన్సర్‌కూ నేరుగా సంబంధం గురించి అడిగితే, పాల పదార్థాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును బహుశా తగ్గిస్తాయన్నది ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి అంచనా. ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెంచవచ్చనడానికి ఆధారాలు పరిమితంగా ఉన్నాయి.

మరికొన్ని మాటలు త్వరగా చూద్దాం. పాలు తాగితే కఫం పెరుగుతుందంటారు. 1990లో ఆస్ట్రేలియాలో 60 మందికి జలుబు వైరస్ ఎక్కించి, వాళ్లు తాగిన పాల లెక్క రాసుకుని, ముక్కు కారిన చీమిడిని తూచి చూశారు. పాలకూ చీమిడికీ సంబంధం కనిపించలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో కాసేపు జిగురుగా తోస్తాయి, అంతే. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్నదీ నిజం కాదు. బొల్లి ఒంటి రక్షణ వ్యవస్థ చర్మంలోని రంగు కణాలపై దాడిచేయడం వల్ల వస్తుంది. బెంగాలీలు చేపను పెరుగులో వండుకుంటారు. కడుపులో మంటకు పాలు మందనుకోవద్దు. తాగిన కాసేపు హాయిగా ఉన్నా, తర్వాత ఆమ్లం మరింత ఊరుతుంది. ఇక గుమ్మపాలు. పిండిన వెంటనే కాచకుండా తాగితే బలమన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. వారాల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు తెచ్చే బ్రూసెల్లోసిస్, పశువుల క్షయ ఆ పాలతోనే మనిషికి చేరతాయి. పొంగు వచ్చేదాకా కాచితే ఆ క్రిములు చస్తాయి, పోషకాలు పోయేది కొద్దిగానే.

ఎంత తాగాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు చాలని ఉంది. కాఫీ, టీల్లో కలిసేవీ, గిన్నెడు పెరుగూ లెక్కలోకి వస్తాయి. పడనివారు బలవంతాన తాగనక్కరలేదు.

పాలు పూర్తిగా మానేద్దామనుకునే శాకాహారులకు ఒక విన్నపం. మాంసం, చేప, గుడ్డు తిననివారికి బి12 విటమిన్ ఆహారంలో దొరికే ముఖ్యమైన దారి పాలూ పెరుగే. ఆకుకూరల్లో, పప్పుల్లో అది ఉండదు. లోపిస్తే అరికాళ్ల తిమ్మిర్లతో, నీరసంతో, మతిమరుపుతో మొదలవుతుంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు. పాలు మానేయండి, తప్పులేదు. డాక్టరును అడిగి బి12 మాత్ర మొదలుపెట్టాకే మానేయండి.