సెర్చ్ బాక్సుకు తెలుగొచ్చా?

ఒక పత్రిక తన పాత సంచికల్లోని 10,000 వ్యాసాలను వెబ్‌సైట్‌లో పెట్టిందనుకుందాం. పాఠకురాలు సెర్చ్ బాక్సులో ‘గోంగూర పచ్చడి’ అని కొట్టగానే కంప్యూటరు ఆ వ్యాసాలన్నీ చదవడం మొదలుపెట్టదు. వాటిని ఎక్కించిన రోజే మాటలు విడదీసి, ఏ మాట ఏ వ్యాసంలో ఎక్కడుందో పుస్తకం చివరి పదసూచికలా పట్టిక రాసిపెట్టుకుంటుంది. ఇప్పుడు అందులో రెండు వరుసలు చూస్తే చాలు.

దొరికినవాటిలో ఏది పైన ఉండాలి? 1972లో కేంబ్రిడ్జి పరిశోధకురాలు కారెన్ స్పార్క్ జోన్స్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ పునాది: అరుదైన మాటకు బరువెక్కువ. ‘పచ్చడి’ 1,000 వ్యాసాల్లో, ‘గోంగూర’ పదింటిలోనే ఉన్నాయనుకోండి. మొత్తం వ్యాసాలను ఆ సంఖ్యతో భాగించి, 10 ఆధారంగా లాగరిథమ్ తీస్తే పచ్చడికి 1, గోంగూరకు 3. గోంగూర గురించే మాట్లాడే వ్యాసం పైకొస్తుంది.

ఇంతవరకూ ఏ భాషకైనా ఒకటే. తెలుగు దగ్గర తిప్పలు మొదలవుతాయి. యూనికోడ్‌లో ‘కైలాసం’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, రెండుగా విడదీసీ రాయొచ్చు. కంటికి తేడా లేదు, కంప్యూటరుకు అవి వేర్వేరు మాటలు. ‘హైదరాబాద్’ చివర పొల్లు విడిగా నిలవడానికి కొందరు కనిపించని అక్షరమొకటి కొడతారు, కొందరు కొట్టరు. అందుకే పట్టికలోకి వెళ్లే మాటనూ, పాఠకులు కొట్టే మాటనూ ఒకే జల్లెడ పట్టాలి. ఒకవైపే పడితే అసలు పట్టకపోవడం కన్నా అన్యాయం.

తర్వాత విభక్తులు. పుస్తకాన్ని, పుస్తకానికి, పుస్తకాల్లో: అన్నీ ‘పుస్తకం’ దగ్గరికే చేరాలి. పోనీ చివరి ‘లో’, ‘ని’ కోసేద్దామంటే ‘కిలో’ కాస్తా ‘కి’ అవుతుంది, ‘పని’ వట్టి ‘ప’గా మిగులుతుంది. కోతకు ముందు నిఘంటువు చూడక తప్పదు. సంధి జోలికి ఇక్కడ వెళ్లను, అదొక పెద్ద కథ.

ఇక సెర్చ్ బాక్సు ఉండే ఫారం సంగతి తేలికే. అడిగిన మాట పేజీ చిరునామాలోనే ఉండేలా ‘గెట్’ పద్ధతి వాడితే, ఫలితాల లింకును ఇంకొకరికి పంపుకోవచ్చు. ఆ చిరునామాలో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా మారుతుంది కాబట్టి ‘గోంగూర’ 54 గుర్తుల పొడవవుతుంది. అడిగిన మాటను తిరిగి పేజీ మీద చూపేటప్పుడు మాత్రం దాన్ని వట్టి పాఠంగానే చూపాలి. లేకపోతే ఎవరో కొట్టిన ప్రోగ్రాము ముక్క పాఠకుల బ్రౌజర్‌లో నడుస్తుంది.

ఫలితాల పేజీలో చాలా సైట్లు శీర్షికలతో సరిపెడతాయి. మాట దొరికిన వాక్యం కూడా చూపిస్తే సగం క్లిక్కులు మిగులుతాయని నా నమ్మకం. సైటే స్పెల్లింగు మార్చి వెతికితే ఆ సంగతి పేజీ పైనే చెప్పాలి.

‘ఏమీ దొరకలేదు’ అని తేలిన మాటల జాబితాను సంపాదకులు అప్పుడప్పుడూ తిరగెయ్యాలి. అందులో ‘పుంటికూర’ కనిపించవచ్చు. తెలంగాణలో గోంగూర పేరు అదే. వర్ణక్రమం దిద్దినా, విభక్తి కోసినా ఈ రెండూ కలవవు. పర్యాయపదాల పట్టికలో మనిషే రాయాలి, అదీ రెండువైపులా: పుంటికూర అడిగినవాళ్లకు గోంగూర, గోంగూర అడిగినవాళ్లకు పుంటికూర.