అమ్మ చేతి గిటారు

275 డాలర్లు! 1928లో అమెరికాలోని వర్జీనియా కొండల్లో బతికే ఓ కుటుంబానికి అది చిన్న మొత్తమేం కాదు. కొత్త ఫోర్డు కారు 385 డాలర్లకే వచ్చే రోజులవి. అంత డబ్బు పోసి ఆ ఇంట్లో కొన్నది పొలమూ కాదు, పశువులూ కాదు... ఓ గిటారు. దాని యజమానురాలు మేబెల్ కార్టర్. అప్పటికామెకు ఇరవయ్యేళ్లయినా నిండలేదు.

అంతకు ముందు ఏడాదే ఆమె జీవితం మలుపు తిరిగింది. ఏడు నెలల గర్భిణి. అయినా బావగారు ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారాతో కలిసి బ్రిస్టల్ పట్నం వెళ్లి పాటలు రికార్డు చేసింది. ఆ రికార్డులు జనానికి నచ్చాయి. నాలుగు డబ్బులు చేతికి రాగానే గిబ్సన్ కంపెనీ ఎల్-5 గిటారు ఇంటికొచ్చింది.

ఏమిటి దాని గొప్ప? మామూలు గిటారు పైపలక బల్లపరుపుగా ఉంటుంది. మధ్యలో గుండ్రటి రంధ్రం. ఎల్-5 అలా కాదు. మందపాటి చెక్కను వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కి, ఇరుపక్కలా 'ఎఫ్' ఆకారంలో రంధ్రాలు పెడతారు. అందుకే ప్రతి స్వరమూ ఖణేల్మంటుంది.

ఆ ఖణేలుతోనే మేబెల్ గిటారు పనే మార్చేసింది. అప్పటిదాకా ఇలాంటి పాటల్లో గిటారుది ఎక్కువగా వెనక కూర్చుని లయ వేసే పనే. ఆమె బొటనవేలితో కింది స్థాయి తీగల మీద పాట వరసను పలికిస్తూనే, చూపుడువేలితో పై స్థాయి తీగల మీద లయ వేసేది. వినేవాళ్లకు ఇద్దరు వాయిస్తున్నట్టుండేది! దానికే 'కార్టర్ స్క్రాచ్' అని పేరు. గిటారు నేర్చుకునేవాళ్లు నేటికీ సాధన చేసే పద్ధతి అది.

1940ల్లో పాత బృందం విడిపోయింది. మేబెల్ ముగ్గురు కూతుళ్లతో కొత్త బృందం కట్టింది. అందరికీ 'మదర్ మేబెల్' అయింది. కీళ్లనొప్పులు వేళ్లను బాధపెట్టినప్పుడు ఆటోహార్ప్ వైపు మళ్లింది తప్ప ఎల్-5ను వదల్లేదు. 1978లో కన్నుమూసింది.

అసలు గండం ఆ తరవాత వచ్చింది. 2004లో గిటారు అమ్మకానికొచ్చింది. ధర 5,75,000 డాలర్లు! ఏ సంపన్నుడి అల్మరాలోనో మూగబోతుందేమోనని అభిమానులు బెంగపడ్డారు. చివరికి ఓ దాత సొమ్ముతో అది నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి దక్కింది.

అలాంటి ఎల్-5లు ఇంకా ఉన్నాయి. ఆ బొటనవేలు తాకింది మాత్రం దీన్నే!