రోడ్డు ఎంతవరకు వచ్చింది?

"ఫ్లైఓవర్ పనులు అరవై శాతం పూర్తి" అని పత్రికల్లో తరచు చదువుతుంటాం. చదివి పక్కన పెట్టేస్తాం. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అరవై శాతం అంటే ఏమిటి? నూరు మీటర్లలో అరవై మీటర్లు వేశారనా? నూరు రూపాయల్లో అరవై ఖర్చయ్యాయనా? నూరు రోజుల్లో అరవై గడిచాయనా? ఈ మూడూ వేరువేరు సంగతులు. మూడింటికీ జవాబు ఒకే అంకె కావలసిన అవసరం లేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. 10 కిలోమీటర్ల కొత్త రోడ్డు వేస్తున్నారనుకోండి. అందులో మట్టిపని ఉంటుంది. వాగులమీద వంతెనలు, తూములు ఉంటాయి. ఆపైన కంకర, తారు పొరలు పరచాలి. చివరికి డివైడర్లు, గుర్తు బోర్డులు, తెల్లగీతలు. మొత్తం పనికి 100 మార్కులిచ్చి వాటిని ఖర్చునుబట్టి పంచుదాం: మట్టిపనికి 20, వంతెనలకు 35, పొరలకు 35, చివరి పనులకు 10. (ఈ అంకెలు లెక్కకోసం మనం అనుకున్నవే.) ఇప్పుడు 8 కిలోమీటర్ల మేర మట్టికట్ట లేచింది. వంతెనల పని నూటికి 40 వంతులైంది. తారు 2 కిలోమీటర్లు పడింది. మట్టిపనికి 20లో 16, వంతెనలకు 35లో 14, పొరలకు 35లో 7 మార్కులు వచ్చాయి. మొత్తం 37.

దూరాన నిలబడి మట్టికట్టను చూసినవాడు "ఎనభై శాతం అయిపోయింది" అంటాడు. స్కూటరుమీద పోదామని వచ్చినవాడు "ఇరవై శాతమే అయింది" అంటాడు. ఇంజనీరు కాగితంమీద 37 అని రాస్తాడు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరు దేన్ని కొలిచారన్నదే తేడా. దీన్ని 'భౌతిక ప్రగతి' అంటారు. ఖర్చయిన సొమ్మును చూసి చెప్పేది 'ఆర్థిక ప్రగతి'. ఇనుము, యంత్రాలు ముందుగా కొనిపెట్టుకుంటే సొమ్ము ముందు పరుగెత్తుతుంది, పని వెనక నడుస్తుంది. బిల్లులు చెల్లించడం ఆలస్యమైతే దీనికి తలకిందులు. అందుకే నివేదికలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. ఒక్కదాన్నే చెప్పి ఊరుకుంటే రెండోదాన్ని అడగవలసిందే.

ఇక 'ఎక్కడ' అన్న ప్రశ్న. రోడ్డు పొడవునా ప్రతి చోటికీ ఒక చిరునామా ఉంటుంది. దాన్ని ఛైనేజి అంటారు. 12+350 అని రాస్తే, మొదలునుంచి 12 కిలోమీటర్ల 350 మీటర్ల దూరాన ఉన్న చోటు అని అర్థం. ఛైను అంటే గొలుసే. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు భూమిని కొలవడానికి 66 అడుగుల గొలుసును వాడుకలోకి తెచ్చాడు. అందులో 100 లంకెలు. 80 గొలుసులు ఒక మైలు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న నేల సరిగ్గా ఒక ఎకరం. మన తెలంగాణ పల్లెల్లో నేలను ఎకరాలు, గుంటల్లో చెప్పుకుంటారు కదా? 40 గుంటలు ఒక ఎకరం. ఒక గుంట అంటే 33 అడుగుల చదరం, అంటే అర గొలుసు చదరమన్నమాట. 33ను 33తో గుణించి, దాన్ని మళ్ళీ 40తో గుణించి చూడండి, 43,560 చదరపుటడుగులు వస్తాయి. గొలుసులు మ్యూజియంలకు పోయాయి, ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో కొలుస్తున్నారు. కానీ మాట మాత్రం మిగిలిపోయింది.

ఇంజనీరు గదిలో గోడమీద ఒక పొడుగాటి పట్టీ వేలాడుతుంది. అడ్డంగా ఛైనేజి. దాని పైన ఒక్కో పొరకు ఒక్కో వరుస: అడుగున మట్టి, దానిపైన మొరం, ఆపైన కంకర, అన్నిటికంటే పైన తారు. ఏ చోట ఏ పొర పూర్తయితే అక్కడ రంగు నింపుతారు. పట్టీని చూడగానే ఎక్కడ పని ఆగిందో తెలిసిపోతుంది. నాకైతే శాతాలకన్నా ఈ రంగుల పట్టీయే నిజాయితీగల నివేదిక అనిపిస్తుంది. శాతంలో ఖాళీలు దాక్కోగలవు, పట్టీలో దాక్కోలేవు.

అయితే రంగు నింపడానికి మట్టి పోయడం ఒక్కటే చాలదు. అది గట్టిపడాలి. సున్నుండలు కట్టడం చూశారా? నెయ్యి తక్కువైతే పిండి పొడిపొడిగా రాలిపోతుంది, ఎక్కువైతే ఉండ జారిపోతుంది. మట్టికీ నీటికీ సరిగ్గా ఇదే సంబంధం. తడి చాలకపోతే రేణువులు ఒకదానిమీద ఒకటి జరిగి సర్దుకోవు. తడి మించితే రేణువులు ఉండవలసిన చోటును నీరే ఆక్రమిస్తుంది. ఏ మట్టికి ఎంత తడి ఉంటే రోలరు కింద అన్నిటికంటే గట్టిగా కుదురుతుందో కనిపెట్టే పరీక్షను 1933లో ప్రాక్టర్ అనే అమెరికన్ ఇంజనీరు ప్రకటించాడు. ఆయన అప్పుడు మట్టి ఆనకట్టలు కడుతున్నాడు. నేడు ప్రపంచమంతా రోడ్లకు ఆ పరీక్షనే వాడుతున్నది.

రోలరు నడిచాక చేసే పరీక్ష ఇంకా సరదాగా ఉంటుంది. మట్టిలో చిన్న గుంట తవ్వి, తీసిన మట్టిని ఆరబెట్టి తూకం వేస్తారు. 3.8 కిలోలు తూగిందనుకోండి. గుంట వంకరటింకరగా ఉంది, దాని ఘనపరిమాణం ఎట్లా కనుక్కోవాలి? సన్నని పొడి ఇసుకతో నింపుతారు. లీటరు ఇసుక ఎంత తూగుతుందో ముందే తెలుసు గనుక, గుంటలో పట్టిన ఇసుక బరువునుబట్టి ఘనపరిమాణం తేలిపోతుంది. 2 లీటర్లు వచ్చిందనుకుందాం. అప్పుడు సాంద్రత లీటరుకు 1.9 కిలోలు. ప్రయోగశాలలో ఆ మట్టికి వచ్చిన గరిష్ఠ సాంద్రత 2 కిలోలైతే ఇక్కడ 95 శాతమే కుదిరినట్టు. రోడ్డుకు ఆధారమైన పై మట్టిపొరకు మన జాతీయ రహదారుల నిబంధనల ప్రకారం కనీసం 97 కావాలి. కనుక పట్టీలో రంగు పడదు. రోలరు మళ్ళీ నడవాలి.

ఇదంతా పొలాల్లో వేసే రోడ్డు సంగతి. ఇక హైదరాబాదు పాతనగరానికి రండి. ఈ నగరం పుట్టిందే రోడ్ల కూడలిలో. 1578లో మూసీమీద పురానాపూల్ కట్టారు, 1591లో చార్మినార్ లేచింది, దాని నాలుగు వైపులా నాలుగు బాటలు సాగాయి. నాలుగు శతాబ్దాలుగా ఆ బాటల పక్కన ఇళ్ళు, దుకాణాలు, మసీదులు, గుళ్ళు, బావులు పెరుగుతూ వచ్చాయి. ఇటువంటి చోట రోడ్డు వెడల్పు చేయాలన్నా, స్తంభం నాటాలన్నా అసలు పని నేల కింద మొదలవుతుంది. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు కేబుళ్ళు, టెలిఫోను తీగలు, వీటిలో ఏది ఎక్కడ ఉందో పాత పటాల్లో ఉండదు. మొదట చేతితో గుంట తవ్వి చూసుకోవాలి. తరువాత ఒక్కో గొట్టాన్నీ పక్కకు తప్పించాలి. ఒక వీధికి నీళ్ళు ఆగకుండా గొట్టం మార్చడానికి వారాలు పట్టవచ్చు. అన్ని వారాలూ నివేదికలో కిలోమీటర్ల గడి ఖాళీగానే ఉంటుంది. "ఏమీ జరగడం లేదు" అని దారిన పోయేవాళ్ళు విసుక్కుంటారు. స్తంభాలు లేచాక మాత్రం పని చకచకా సాగుతుంది. పై భాగపు కాంక్రీటు ముక్కలను వేరేచోట పోతపోసి, వాహనాలు తగ్గిన రాత్రివేళ తెచ్చి ఎక్కించవచ్చు.

ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా వేసిన ఫ్లైఓవరు ఇట్లాంటిదే. పొడవు 4 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు ఆరు వరసలు. 2025 జనవరి 6న ప్రారంభించి దానికి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. శ్రీనగర్‌నుంచి కన్యాకుమారికి పోయే 44వ జాతీయ రహదారి ఆరాంఘర్ మీదుగా బెంగుళూరు వైపు వెళుతుంది. పాతనగరపు వాహనాలూ, విమానాశ్రయానికి పోయేవీ, బెంగుళూరు లారీలూ ఆ కూడలిలో కలుసుకుంటాయి. ఫ్లైఓవరు ఒక కొస దగ్గరే మీర్ ఆలం చెరువు ఉంది. 1800 తర్వాతి తొలి దశాబ్దంలో కట్టిన దాని ఆనకట్టలో 21 అర్ధవలయాకారపు కమాన్లున్నాయి. నీటి ఒత్తిడిని కమానులు పక్కలకు పంచేస్తాయి. జూపార్కుకు వెళ్ళినప్పుడు పులుల్నే కాదు, ఆ చెరువు కట్టనూ చూసి రండి.

ఆరాంఘర్‌నుంచి మెహదీపట్నం వైపు పోయే మరో ఆకాశమార్గం ఉంది: పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే. 11.6 కిలోమీటర్లు, 2009 అక్టోబరులో తెరిచారు. కట్టేటప్పుడు లెక్కకోసం స్తంభాలకు నంబర్లు వేశారు. పని ముగిసింది గానీ నంబర్లు బతికిపోయాయి. "ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా మా దుకాణం" అని చిరునామా చెప్పడం అక్కడివాళ్ళకు అలవాటైపోయింది. ఛైనేజి అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు!

ఇప్పుడు నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగు రోడ్డును చూద్దాం. పొడవు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. దాన్ని సరైన వృత్తం అనుకుంటే వ్యాసార్థం దాదాపు 25 కిలోమీటర్లు. ఒక అంచునుంచి ఎదుటి అంచుకు నగరం మధ్యగా పోతే 50 కిలోమీటర్లు, వలయంమీద పోతే 79. దూరం ఎక్కువే. కానీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీకి వలయంమీద గంట చాలు. నగరం మధ్యలో గంటకు 25 కిలోమీటర్ల చొప్పున ఈదుకుంటూ పోతే రెండు గంటలు. పైగా అది పాతనగరపు బడిపిల్లల మధ్యనుంచి పోవలసిన పని ఉండదు.

ఈ రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాద్‌ల మధ్య భాగాన్ని 2008 నవంబరులో తెరిచారు. మిగతా ముక్కలు ఒక్కటొక్కటిగా వచ్చి చేరాయి. చివరిది మేడ్చల్ దగ్గర కండ్లకోయ కూడలి. పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. అది 2018లో గాని పూర్తికాలేదు. లెక్క వేయండి: 158లో ఒక కిలోమీటరంటే ఒక శాతం కూడా కాదు. నివేదికలో "తొంభై తొమ్మిది శాతానికి పైగా పూర్తి" అని రాసినా తప్పు లేదు. కానీ అక్కడికి వచ్చిన లారీ కిందికి దిగి, మామూలు రోడ్డుమీద పోయి, మళ్ళీ పైకెక్కవలసిందే.

ఇక్కడ ఒక చక్కని గణితం దాగివుంది. ఒక దారాన్ని ఒకచోట తెంపితే రెండు ముక్కలవుతుంది. గాజును ఒకచోట విరిస్తే? ఒకే ముక్కగా ఉంటుంది! ఒక చివరనుంచి ఇంకో చివరకు చుట్టు తిరిగి చేరుకోవచ్చు. కాకపోతే విరిగినచోటికి అటూ ఇటూ పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళ మధ్య ప్రయాణం దాదాపు 157 కిలోమీటర్లవుతుంది. గాజును రెండుచోట్ల విరిస్తే మాత్రం రెండు ముక్కలు. అంటే తిన్నని రోడ్డుకు ఒక ఖాళీ ఎంత చేటో, వలయానికి రెండు ఖాళీలు అంత చేటు. కాబట్టి వలయంలో ఎన్ని కిలోమీటర్లు మిగిలాయని కాదు, అవి ఎన్నిచోట్ల మిగిలాయని మొదట అడగాలి.

ఔటర్‌కు ఆవల ఇంకా పెద్ద వలయాన్ని తలపెట్టారు. అది ప్రాంతీయ రింగు రోడ్డు, దాదాపు 340 కిలోమీటర్లు. ఉత్తర భాగం సంగారెడ్డినుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్‌కు. దక్షిణ భాగం చౌటుప్పల్‌నుంచి ఆమనగల్లు, చేవెళ్ళ వైపుగా తిరిగి సంగారెడ్డికి. ఇటువంటి రోడ్డుకు మొదటి మెట్టు మట్టిపని కాదు, భూసేకరణ. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలో దానికి వరుసగా మెట్లున్నాయి: ఫలానా సర్వే నంబర్ల భూమి తీసుకోదలచామని ప్రకటన, అభ్యంతరాలు వినడం, భూమి ప్రభుత్వానికి చెందినట్టు ప్రకటన, ఆపైన పరిహారం నిర్ణయం. పత్రికల్లో చిన్న అక్షరాలతో పేజీలు పేజీలు వచ్చే ప్రకటనలు ఇవే.

వంద మీటర్ల వెడల్పున రోడ్డు పోతుందనుకుంటే ప్రతి కిలోమీటరుకు 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు కావాలి. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతులైతే ఒక కిలోమీటరులో పది పన్నెండు కుటుంబాలకు పైనే. తమ భూములు పోతున్నాయని, దారి మార్చమని ఈ ప్రాంతపు రైతులు ఆందోళనలు చేశారు. ఆ దశలో నివేదికలోని 'భౌతిక ప్రగతి' గడిలో సున్నా ఉంటుంది. ఒక్క తట్ట మట్టి కూడా లేవలేదు కదా! కానీ పేరు ప్రకటనలో పడిన రైతు ఆ నేలను అమ్మలేడు, బావి తవ్వాలన్నా వెనకాడతాడు, కూతురి పెళ్ళికి ఏమి లెక్క వేసుకోవాలో తెలియదు. అతని సంగతికి ఆ పట్టీలో గడి లేదు. పరిహారం ఎందరి చేతికి అందిందో చెప్పే గడి ఒకటి ఉండి తీరాలని నా అభిప్రాయం.

పని పెరిగే తీరును గ్రాఫు కాగితంమీద గీస్తే తిన్నని గీత రాదు, సాగదీసిన ఇంగ్లీషు ఎస్ అక్షరం వస్తుంది. మొదట భూమి, గొట్టాలు, అనుమతులతో మెల్లగా పాకుతుంది. మధ్యలో నిటారుగా లేస్తుంది. చివర మళ్ళీ వాలుతుంది, ఎందుకంటే కఠినమైన ముక్కలన్నీ చివరికే మిగులుతాయి. నడిమి వేగాన్ని చూసి "ఇంకో ఆరు నెలల్లో అయిపోతుంది" అన్నవాళ్ళు కండ్లకోయవంటి చోట చిక్కుకుంటారు. వానకాలంలో గ్రాఫు దాదాపు అడ్డంగా సాగుతుంది. తడిసిన మట్టి కుదరదు, తడి కంకరకు తారు అంటదు.

మీ ఇంటి దగ్గర ఎక్కడైనా రోడ్డో ఫ్లైఓవరో కడుతుంటే మీరే ఒక పట్టీ తయారు చేయవచ్చు. కంచె లోపలికి మాత్రం పోకండి, బయటనుంచే చూడండి. స్తంభాలను లెక్కపెట్టి ఒక్కోదానికి ఒక్కో గడి గీయండి. పునాది తవ్వితే ఒక రంగు, స్తంభం లేస్తే మరొకటి, పైన దూలం ఎక్కితే ఇంకొకటి. నెల తిరిగాక అదే తేదీన వెళ్ళి కింద రెండో వరుస గీయండి. రెండు వరుసల్లోనూ ఖాళీగానే ఉన్న గడి ఏదైనా కనబడితే, ఆ స్తంభం ఉండవలసిన చోట ఏముందో చూడండి. గొట్టమా, చెట్టా, ఎవరిదైనా ఇల్లా? దాన్నికూడా ఆ గడి పక్కన రాసిపెట్టండి.