పెరటి ఆఫీసుకు వెచ్చదనం

20 డాలర్ల హీటరూ, 200 డాలర్ల హీటరూ ఒకే కరెంటుకు ఒకే వేడి ఇస్తాయి. చాలామంది నమ్మరు గానీ ఇది నిజం. కాయిల్ ఎర్రగా కాలేదైనా, సిరామిక్‌దైనా, నూనె నింపిన రేడియేటరైనా 1500 వాట్లు లాగితే వచ్చేది 1500 వాట్ల వేడే. ఎక్కువ ధర పెట్టి మనం కొనేది చప్పుడు లేకపోవడాన్ని, మంచి థర్మోస్టాట్‌ని, పక్కకు పడిపోతే తనంతట ఆగిపోయే స్విచ్చిని. ఆ స్విచ్చి లేని హీటర్ చవగ్గా వచ్చినా తీసుకోకండి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఇంటి వెనక పెరట్లో విడిగా చిన్న గది వేసుకుని ఆఫీసు పని చేసుకోవడం కోవిడ్ రోజుల నుంచి బాగా పెరిగింది. అక్కడున్న మనవాళ్లలోనూ ఈ ముచ్చట తీర్చుకున్నవాళ్లున్నారు. ఇంట్లో హీటింగ్ ఈ గదిదాకా రాదు. డిసెంబర్ వచ్చేసరికి అందరూ అడిగేది ‘ఏ హీటర్ కొనాలి?’ అని. అంతకన్నా ముందు గోడల సంగతి చూడాలి.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గది అనుకుందాం. ఒంటి చెక్క గోడలతో కట్టినదైతే, బయటికన్నా లోపల 15 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ ఉంచడానికి దాదాపు 2,400 వాట్లు కావాలి. అదే గదికి గోడల్లో, పైకప్పులో, నేల కింద దళసరిగా ఇన్సులేషన్ పెట్టి, కిటికీలకు రెండు పొరల అద్దం వేసి, సందులు మూస్తే 450 వాట్ల లోపే సరిపోతుంది. ఇవి ఉరామరి లెక్కలే, కానీ తేడా మాత్రం ఇంత పెద్దదే. ఇన్సులేషన్ ఖర్చు ఒక్కసారి, కరెంటు బిల్లు ప్రతి నెలా. అందరూ మరిచిపోయేది నేల. ఇలాంటి గదులు చాలావరకు దిమ్మెల మీద నిలబడతాయి. అడుగున చలిగాలి ఆడుతూనే ఉంటుంది. తల దగ్గర వెచ్చగా ఉన్నా పాదాలు కొంకర్లు పోయేది అందుకే. నేల విప్పి ఫోమ్ పలకలు పెట్టించలేకపోతే, దళసరి తివాచీ పరిచినా తేడా తెలుస్తుంది.

సందులు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే అగరుబత్తి చాలు. గాలి బాగా వీస్తున్న రోజు దాన్ని వెలిగించి, కర్టెన్లూ కాగితాలూ పక్కకు తీసి, కిటికీ చట్రం వెంట, తలుపు అంచు వెంట, వైర్లు లోపలికి వచ్చే రంధ్రాల దగ్గర మెల్లగా తిప్పండి. నిటారుగా లేస్తున్న పొగ ఒక్కసారి పక్కకు వాలిందంటే అక్కడ సందు ఉన్నట్టే. కొద్ది డాలర్ల సీలెంటు, తలుపుకు అంటించే రబ్బరు పట్టీ దాన్ని మూసేస్తాయి.

పిల్లల రచయిత రోల్డ్ డాల్ ఇంగ్లండ్‌లోని గ్రేట్ మిసెండెన్‌లో తన తోటలోని చిన్న గదిలో కూర్చునే రాసేవారు. గోడలకు లోపల పాలిస్టైరిన్ పలకలు అంటించుకున్నారు. చలికాలంలో కాళ్లను స్లీపింగ్ బ్యాగులో దూర్చుకుని, పడక్కుర్చీ చేతుల మీద అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ పరిచిన పలక పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని రాసేవారు. గదినంతా వేడెక్కించడానికి బదులు మనిషి వెచ్చగా ఉండే మార్గం అది. నాకు ఈ పద్ధతే అన్నిటికన్నా నచ్చుతుంది.

ఈ కిటుకు చాలా దేశాల్లో ఉంది. జపాన్‌లో కొటాత్సు అనే పొట్టి బల్లకు చుట్టూ బొంత వేలాడుతుంది, బల్ల కింద చిన్న హీటర్ ఉంటుంది. ఇంటిల్లిపాదీ కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుంటారు. కశ్మీర్‌లో సన్నటి కొమ్మల అల్లిక చుట్టిన మట్టికుండలో నిప్పులు వేసుకుని ఫెరన్ అనే వదులైన అంగీ లోపల పట్టుకు తిరుగుతారు, అదే కాంగ్డీ. ఇప్పుడు పెరటి ఆఫీసులో 100 వాట్ల లోపు కరెంటు దుప్పటి ఒళ్లో వేసుకున్నా, కాళ్ల కింద వేడి పలక పెట్టుకున్నా జరిగేది అదే. యూనిట్ 17 సెంట్లనుకుంటే, 1500 వాట్ల హీటర్ ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే రోజుకు రెండు డాలర్లు దాటుతుంది. 100 వాట్ల దుప్పటికి 14 సెంట్లు కూడా కావు. గదిని 15 డిగ్రీల దగ్గర ఉంచి, ఒంటికి మాత్రం వేడి తగిలేలా చేసుకుంటే రెండు విధాలా కలిసొస్తుంది.

కూర్చుని పని చేసుకునే మనిషి ఒంటి నుంచే దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ఇన్సులేషన్ బాగున్న గదిలో ఇదీ లెక్కకు వస్తుంది.

నాటక రచయిత బెర్నార్డ్ షా రాసుకునే గది మరీ విశేషం. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆయన తోటలో ఆ గది తిరిగే చట్రం మీద నిలబడి ఉండేది. ఎండ ఎటు జరిగితే గదిని అటు తోసి తిప్పుకోవచ్చు. లోపల ఎలక్ట్రిక్ హీటర్, టెలిఫోన్ కూడా ఉండేవి. గదిని తిప్పలేనివాళ్లు కట్టేటప్పుడే పెద్ద కిటికీని దక్షిణానికి పెట్టించుకోవాలి. ఉత్తరార్ధగోళంలో చలికాలపు సూర్యుడు అటు వైపే, కిందుగా ఉంటాడు. లడఖ్‌లో లేహ్ దగ్గర సెక్‌మోల్ విద్యాసంస్థ భవనాలను మట్టిగోడలతో, దక్షిణం వైపు అద్దాలతో ఇదే సూత్రం మీద కట్టారు.

కిరోసిన్ హీటర్ గురించి ఒక మాట. లీటరు కిరోసిన్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. అది చల్లటి అద్దాల మీద, గోడల మీద చేరి బూజు పట్టిస్తుంది. అంతకన్నా భయపడాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌కి. దానికి రంగూ వాసనా లేవు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఉత్తరాది నుంచి ఏటా చలికాలంలో వస్తూనే ఉన్నాయి. పొగ గొట్టం లేని మంటను చిన్న గదిలో పెట్టవద్దు. గొట్టం ఉన్న పొయ్యి పెట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

ఏసీని తిరగేసి నడిపితే హీట్ పంప్. బయటి చల్లటి గాలిలో ఉన్న వేడినే లోపలికి తోడుతుంది కాబట్టి, మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. చలి ముదిరేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది. బిగింపుతో కలిపి వేల డాలర్లవుతుంది. చలికాలమంతా రోజూ పని చేసేవాళ్లకు, ఎండాకాలంలో చల్లదనమూ కావాలనుకునేవాళ్లకు తగినది. వారానికి రెండు రోజులు కూర్చునేవాళ్లకు దండగ.

ఇక వైరింగ్. అమెరికాలో 120 వోల్టుల, 15 ఆంపియర్ల లైను మీద గరిష్ఠంగా 1800 వాట్లే. ఒక్క హీటరే 1500 తీసుకుంటే, లేజర్ ప్రింటర్ వేడెక్కగానే బ్రేకర్ పడిపోతుంది. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి దాని మీద హీటర్ నడపడం నిప్పుతో చెలగాటం. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో నేల కింద విడి కేబుల్ వేయించుకోవాలి. ఎప్పుడైనా హీట్ పంప్ పెట్టే ఆలోచన ఉంటే అప్పుడే చెప్పండి. కాలువ తవ్వినప్పుడే 240 వోల్టులకు సరిపడే కేబుల్ వేయించడానికి అయ్యే అదనపు ఖర్చు, రెండోసారి తవ్వించే కూలి కన్నా బాగా తక్కువ.