మలేరియా గుట్టు వీడింది సికింద్రాబాద్‌లోనే

మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే రోగి రక్తంలో కనుగొన్నారు. అయితే అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది అంతుచిక్కని ప్రశ్నగానే మిగిలింది. ఈ చిక్కుముడిని విప్పే తొలి ఆధారం సికింద్రాబాద్‌లో లభించింది. దానిని కనుగొన్నవారు సైనిక వైద్యుడు సర్ రోనాల్డ్ రాస్.

1857లో అల్మోరాలో జన్మించిన రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్‌ను కలుసుకోవడంతో ఆయన దృష్టి దోమలపైకి మళ్లింది. 1895లో సికింద్రాబాద్‌లో పరిశోధన ప్రారంభించినా, కలరా నివారణ విధులపై బెంగళూరుకు వెళ్లవలసి వచ్చింది. పైగా రెండేళ్లపాటు ఆయన పరీక్షించినవి మానవుల మలేరియాను మోయని జాతుల దోమలు.

ఆగస్టు 20న వెలుగులోకి..

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న అనాఫిలిస్ దోమలు ఆయనకు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించారు. అందుకు దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలం చెల్లించారు. ఆగస్టు 20న దోమను కోసి చూడగా, దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులూ అటువంటివే.

అంతలోనే ఆయనకు రాజపుతానాకు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధన కొనసాగించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. మానవులలో అనాఫిలిస్ పాత్రను అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం నిర్ధారించింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

మందుతోపాటు మురుగుపైనా..

రోగికి మందు ఇవ్వడంతో వైద్యుని బాధ్యత తీరదని, ఊరిలో దోమ పుట్టే చోటును కూడా తొలగించాలని రాస్ వాదించారు. సూయజ్ కాలువ తీరంలోని ఇస్మాయిలియాలో ఆయన సూచించిన చర్యలతో మలేరియా బాగా తగ్గింది. దోమలన్నింటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక పరిమితికి దిగువకు తెస్తే వ్యాధి క్రమేణా అంతరిస్తుందని గణితం ద్వారా వివరించారు. 1932లో లండన్‌లో కన్నుమూశారు.

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. ఆగస్టు 20ని ఏటా ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. గుడ్డు నుంచి దోమ వెలువడేందుకు సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందువల్ల తొట్లు, డ్రమ్ములు, కూలర్లలోని నీటిని వారానికొకసారి పారబోసి ఆరబెట్టడం ప్రతి ఇంటివారి చేతిలో ఉన్న పని.