పెద్ద టైర్లకి స్నో చెయిన్లు: మైపాడు ఇసుకలో మేం నేర్చుకున్న పాఠం

"నెల్లూరులో కూర్చుని మంచు గురించి చెప్తావేందబ్బా" అని నవ్వుకోకండి. ఈ ఎపిసోడ్ స్నో చెయిన్ల గురించే. కానీ కథ మొదలయ్యేది మాత్రం మన మైపాడు బీచ్‌లో.

2020 అక్టోబర్‌లో అటల్ టన్నెల్ తెరిచాక, చలికాలంలో కూడా మనాలి దాటి లాహౌల్ వైపు వెళ్లే బండ్లు పెరిగాయి. మనవాళ్లు కూడా ఇక్కడినుంచే డ్రైవ్ చేసుకుంటూ పోతున్నారు. మంచు బాగా పడిన రోజు అక్కడి పోలీసులు ఫోర్ బై ఫోర్ బండి గానీ, చెయిన్లు గానీ లేకపోతే ముందుకి పోనివ్వరు. అందుకని నా ఫ్రెండ్ ఒకడు తన తార్‌కి చెయిన్లు తెప్పించాడు. అంతకుముందే దానికి పెద్ద టైర్లు వేయించి ఉన్నాడు. "ఒకసారి వేసి చూద్దాం రా, మంచు లేకపోతే ఏమైంది, ఇసుక ఉంది కదా" అన్నాడు. మైపాడు ఎంత, నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. సరే అని పోయాం.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. చెయిన్ టైరు చుట్టూ అందలేదు.

ఎందుకో లెక్క చూద్దాం. మీ టైరు పక్కన ఉండే నంబర్ చూడండి. వాడి కంపెనీ టైరు 255/65 ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 18 అంగుళాలు. లెక్కేస్తే టైరు ఎత్తు దాదాపు 79 సెంటీమీటర్లు. వాడు వేయించింది 285/65 ఆర్18. దాని ఎత్తు దాదాపు 83. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చెయిన్ చుట్టాల్సింది టైరు చుట్టుకొలత మీద. అక్కడ తేడా 12 సెంటీమీటర్లు! చెయిన్ కొన్నది బండి పేరు చెప్పి. కొనాల్సింది టైరు మీద నంబర్ చూసి.

మేం ఏం చేశామో తెలుసా? సిగ్గుపడుతూనే చెప్తున్నా. అందని చోట బైండింగ్ వైరుతో కట్టేశాం.

బండి కదిలించాం. మెత్తటి పొడి ఇసుకలోకి వెళ్లగానే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. చెయిన్లు పలుగుల్లా ఇసుకని తవ్వి వెనక్కి పోశాయి. రెండు నిమిషాల్లో బండి పొట్ట ఇసుకకి ఆనింది. వాడు ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కాడు. ఫట్‌మని వైరు తెగి, చెయిన్ కొస లోపలివైపు విసురుగా కొట్టుకుంది. దిగి చూస్తే బ్రేక్ గొట్టం మీద గీత పడి ఉంది. గొట్టం తెగలేదు, మా అదృష్టం. అదే మనాలి దిగుడులో, పక్కన లోయ ఉన్నచోట జరిగి ఉంటే? నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఈలోపు నీళ్లు దగ్గరికి వస్తున్నాయి. పోటు మొదలైంది. పడవలు లాగే ట్రాక్టర్ తోలే పెద్దాయన ఒకరు వచ్చి చూశారు. "అబ్బయా, ఇసకలో గొలుసులేందిరా? అయి తీసెయ్యండి. ముందు టైర్లలో గాలి తియ్యండి" అన్నారు. చెయిన్లు విప్పి, చక్రాల ముందు చేతులతో ఇసుక తోడి, నాలుగు టైర్లలో గాలి సగానికి తగ్గించాం. ట్రాక్టర్‌తో నిదానంగా లాగితే బయటపడింది. డీజిల్ డబ్బులు తప్ప ఇంకేం తీసుకోలేదు ఆయన.

అసలు తేడా ఎక్కడుంది?

మంచు మీద బరువు పడితే అది నొక్కుకుని గట్టిపడుతుంది. చెయిన్ లింకులు ఆ గట్టిదానిలోకి దిగి పట్టుకుంటాయి. పొడి ఇసుక అలా కాదు, రేణువులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పట్టుకోడానికి అక్కడ ఏమీ ఉండదు, తవ్వుకోడమే. అందుకే ఇసుకలో కొరికే టైరు కాదు, తేలే టైరు కావాలి. గాలి తగ్గిస్తే టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటుకి పంచుకుపోతుంది. మామూలుగా 30 పీఎస్ఐ పైన ఉండేదాన్ని 18 దాకా తగ్గిస్తే చాలు. మరీ 12 కిందకి పోతే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చు. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పేలుతుంది.

మన పొలాల్లో చూడండి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనప కేజ్ వీల్స్ వేస్తారు. బురదకి అది కరెక్ట్. అదే ట్రాక్టర్ తారు రోడ్డెక్కితే రోడ్డు చీరేస్తుంది, ఫైన్ కూడా వేస్తారు. చెయిన్ కూడా అంతే. ఏ నేలకి ఏ కాలో అది తొడగాలి.

ఇప్పుడు పెద్ద టైరుకి చెయిన్ సరిగ్గా ఎలా వేయాలో చెప్తా.

కొనేముందు ఒక పరీక్ష. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, టైరుకీ ఫెండర్‌కీ, షాక్ అబ్జార్బర్‌కీ, బ్రేక్ గొట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. పెద్ద టైరు ఆ ఖాళీని ముందే తినేసి ఉంటుంది. చెయిన్ లేకుండానే టైరు రాసుకుంటుంటే, ఆ బండికి ఆ టైర్ల మీద చెయిన్ వద్దు. మంచులోకి పోడానికి కంపెనీ సైజు టైర్లే మళ్లీ వేసుకోండి.

ఏ చక్రాలకి వేయాలో బండి మాన్యువల్‌లో చూడండి. కొన్ని బండ్లకి వెనక, కొన్నింటికి ముందు అంటారు. వెనక మాత్రమే వేస్తే స్టీరింగ్ జారొచ్చు, ముందు మాత్రమే వేస్తే దిగుడులో వెనక భాగం పక్కకి తిరగొచ్చు.

వేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి, చదునైన చోట, ట్రాఫిక్‌కి దూరంగా ఆపండి. చెయిన్ నేలమీద పరిచి మెలికలు తీయండి. టైరు మీద కప్పి, కాస్త ముందుకి కదిలించి, లోపలి కొక్కెం ముందు తగిలించండి, తర్వాత బయటిది. బిగించి, ఒక వంద మీటర్లు మెల్లగా పోయి, ఆగి మళ్లీ బిగించండి. ఈ రెండోసారి బిగించడమే అందరూ మర్చిపోయేది. చెయిన్ అందడం లేదని టైరులో గాలి తీయొద్దు, వైరుతో కట్టొద్దు. స్పీడ్ 50 దాటొద్దు. నల్ల తారు కనిపించగానే విప్పేయండి.

ఇదంతా ఇంటి ముందే రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి. మంచులో చేతులు కొంకర్లు పోయాక నేర్చుకోడం కుదరదు.

ఇంకొక్క మాట. మన తీరంలో చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. బండి చక్రం కింద ఆ గూడు పోతుంది. మేం ఆ తర్వాత బీచ్‌లోకి బండి దించలేదు. మీరూ గట్టు మీదే ఆపి, నడిచి పోండి.

వాడు కంపెనీ టైర్లే వేసుకుని మనాలి పోయొచ్చాడు. చెయిన్లు సరిగ్గా సరిపోయాయి. జాగ్రత్తగా పోయి రండి, మళ్లీ కలుద్దాం.