గాల్లోకి పేల్చిన తూటా గాల్లోనే ఉండిపోదు

2025 ఫిబ్రవరిలో నోయిడాలోని అగాహ్‌పూర్‌లో రెండున్నరేళ్ల బాబు తండ్రితో కలిసి బాల్కనీలోంచి బరాత్ (పెళ్లి ఊరేగింపు) చూస్తున్నాడు. ఊరేగింపులో సంబరానికి పేల్చిన తూటా తగిలి ప్రాణం పోయింది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ మంగోల్‌పురిలో పదిహేడేళ్ల అమ్మాయి బరాత్ చూస్తూనే ఇలాగే చనిపోయింది. అదే ఏడాది నవంబరులో కర్నాల్‌లో పెళ్లికొడుకు బంధువు ఒకామె, 2018 డిసెంబరు 31 రాత్రి దక్షిణ ఢిల్లీ ఫామ్‌హౌస్‌లో కొత్త సంవత్సర వేడుకకు వెళ్లిన మరో మహిళ బలయ్యారు. వీళ్లకు ఎవరితోనూ పగ లేదు. అయినా ప్రతిసారీ వినిపించేది ఒకటే మాట: ‘‘పైకే కాల్చారు, ఖర్మకొద్దీ తగిలింది.’’ ఆ తుపాకులకు ధైర్యమిస్తున్నది ఈ మాటే.

అపోహ: గాల్లోకి కాలిస్తే ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: పైకి వెళ్లిన ప్రతి తూటా కిందికి దిగాల్సిందే. నిట్టనిలువుగా కాల్చిన రైఫిల్ తూటా కూడా సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో తిరిగి పడుతుందని వందేళ్ల కిందటే అమెరికా సైన్యం ప్రయోగాల్లో తేలింది. చర్మాన్ని చీల్చడానికి సెకనుకు 60 మీటర్ల వేగం చాలంటారు నిపుణులు. పైగా డీజే పాటకు ఊగుతున్నవాడి చెయ్యి నిట్టనిలువుగా నిలవదు. కాస్త వాలుగా పేలినా తూటా తిరుగుడు కోల్పోకుండా ఇంకా ఎక్కువ వేగంతో దిగుతుంది. రైఫిల్‌దైతే కిలోమీటరు దాటి, ఆ పెళ్లి సంగతే తెలియని వాళ్ల మీద పడగలదు.

ఇవి కాగితం మీది లెక్కలు కావు. లాస్ ఏంజెలెస్‌లోని ఒక్క ఆసుపత్రికి 1985 నుంచి 1992 వరకు ఇలా పైనుంచి పడిన తూటాల గాయాలతో 118 మంది వచ్చారు. వాళ్లలో 38 మంది చనిపోయారు. ఎక్కువమందికి దెబ్బ తగిలింది తలకే. ప్యూర్టో రికోలో 2003 డిసెంబరు 31 రాత్రి వేడుకల తూటాలకు 19 మంది గాయపడ్డారు, వాళ్లలో ఒకరు చనిపోయారు.

మన దగ్గర తూటా కిందికి దిగేదాకా కూడా ఆగక్కర్లేదు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ పాత ఊళ్ల సందుల్లో ‘పైకి’ అంటే ఆకాశం కాదు. రెండో అంతస్తు, మూడో అంతస్తు, బాల్కనీల్లో నిలబడి బ్యాండు చూస్తున్న పిల్లలు. అక్కడికి చేరే తూటా ఇంకా పూర్తి వేగంతోనే ఉంటుంది. షామియానా కిందైతే పైకప్పు ఇనుప గొట్టాలకు తగిలి ఎటైనా మళ్లుతుంది. అందుకే ‘గురి పెట్టలేదు’ అన్నది సమర్థన కాదు, అసలు ప్రమాదం అదే.

అపోహ: చంపాలని కాల్చలేదు కాబట్టి అది ప్రమాదమే, పెద్ద శిక్ష పడదు.

వాస్తవం: ఉత్తరాఖండ్‌లో 2007లో ఒక పెళ్లిలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పైకప్పు వైపే కాల్చానన్న వాదన విన్నాక 2020లో సుప్రీంకోర్టు హత్యానేరాన్ని తొలగించింది కానీ వదిలిపెట్టలేదు. గుమిగూడిన జనం మధ్య తుపాకీ పేలిస్తే ఏమవుతుందో ఆ మనిషికి తెలిసే ఉండాలంటూ, హత్య కిందికి రాని ప్రాణహరణం నేరానికి పదేళ్ల జైలు వేసింది. ఎవరికీ గాయం కాకపోయినా తప్పించుకోలేరు. 2019 ఆయుధ చట్ట సవరణ ప్రకారం పెళ్లిళ్లలో, గుళ్ల దగ్గర, సభల్లో ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా సంబరాల కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

‘లైసెన్సుంటే ఎక్కడైనా చూపించుకోవచ్చు’ అన్నది తప్పు: బహిరంగ స్థలంలో తుపాకీ ఝళిపించడాన్నే 2016 ఆయుధ నిబంధనలు నిషేధించాయి. ‘ఉత్తుత్తి గుళ్లే’ అన్నదీ కుదరదు, ఆ నిషేధం వాటికీ వర్తిస్తుంది. ‘ఇది అమెరికా బెడద, మనది కాదు’ అనేవాళ్లకు ఒక్క అంకె: స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో వెలువరించిన అంచనా ప్రకారం భారత పౌరుల దగ్గర 7.11 కోట్ల తుపాకులున్నాయి.

అపోహ: లైసెన్సు తుపాకులతో ముప్పు లేదు, అసలు సమస్య కట్టాలే (నాటు తుపాకులే).

వాస్తవం: ఇందులో సగం నిజముంది, ఒప్పుకోవాల్సిందే. జాతీయ నేర గణాంకాల్లో తుపాకీ హత్యలు అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతో జరిగినవే. పైన చెప్పిన 7.11 కోట్లలో నమోదైనవి 97 లక్షలే. నాటు తుపాకుల తయారీ, రవాణా ఆగకుండా హత్యలు తగ్గవు. కానీ పెళ్లిలో పేలిన తూటా లైసెన్సు చూసి పక్కకు తప్పుకోదు. 2016 చివరికి దేశంలో ఉన్న 33 లక్షలకు పైగా లైసెన్సుల్లో 12 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. నోయిడా, ఘాజియాబాద్ ఆ రాష్ట్రంలోనివే. హత్యల పట్టికలో లైసెన్సుదారుల వాటా తక్కువని చెప్పి, పెళ్లిళ్లలో వాళ్ల బాధ్యతను కొట్టిపారేయడం లెక్కలను వక్రీకరించడమే.

లైసెన్సున్నవాళ్లు చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. పెళ్లికి వెళ్లేటప్పుడు తుపాకీని ఇంట్లో తాళం వేసి ఉంచండి. తూటాలు వేరే చోట, వేరే తాళంతో. బావమరిది అడిగినా, మేనల్లుడు రీల్ కోసం బతిమాలినా చేతికివ్వకండి. తుపాకీ పోతే ఆ రోజే పోలీసులకు చెప్పండి. పెళ్లి చేసేవాళ్లు శుభలేఖ ఇచ్చేటప్పుడే తుపాకులు తేవద్దని చెప్పాలి, ఎవరైనా బయటికి తీస్తే బ్యాండు ఆపించాలి. అతిథి నొచ్చుకుంటాడని మొహమాటపడే వేళ కాదది. ఉద్యోగాలకు ఢిల్లీ పరిసరాలకొచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు బరాత్ కొత్త, చూడాలనిపిస్తుంది. చూడండి. కానీ మొదటి పేలుడు వినగానే అది టపాకాయో తుపాకీయో తేల్చుకుంటూ నిలబడకండి. పిల్లల్ని తీసుకుని గోడ వెనక్కి వెళ్లి, 112కు ఫోన్ చేయండి.